అద్దం లేనంత మాత్రాన ఫొటో మారదు

పెళ్లి ఆర్డర్ మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు ఒకప్పుడు ఆల్బమ్ చూపించమనేవారు. ఇప్పుడు ముందుగా "మిర్రర్‌లెస్ ఉందాండీ?" అని అడుగుతున్నారు. ఉందంటే మాట ముందుకు సాగుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఫొటోగ్రఫీ నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్లదీ ఇదే వరస. డీఎస్‌ఎల్‌ఆర్ పనైపోయిందట, దాంతో తీస్తే క్వాలిటీ రాదట, అప్పో సప్పో చేసి మిర్రర్‌లెస్ కొంటే తప్ప ఈ రంగంలో నిలబడలేమట.

ఫొటో నాణ్యత వరకు ఈ మాట పూర్తిగా తప్పు. మిగతా విషయాల్లో కొంత నిజముంది. ఆ కొంచెం నిజాన్ని అడ్డం పెట్టుకునే తప్పు కూడా చెలామణి అయిపోతోంది. నగరాల్లో లక్షలు తీసుకునే బృందాలకు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. నష్టపోతున్నది మండల కేంద్రంలో చిన్న స్టూడియో పెట్టుకుని, నాలుగు ముహూర్తాల సంపాదనతో ఏడాదంతా ఇల్లు నడుపుకునే మనిషి. అతని కోసమే ఈ వాదన.

ఈ రెండు రకాల కెమెరాలకూ అసలు తేడా లోపలి అద్దమే. ముందు అది ఏం చేస్తుందో చూద్దాం. లెన్సులోంచి వచ్చిన వెలుతురును డీఎస్‌ఎల్‌ఆర్‌లోని అద్దం పైకి మళ్లిస్తుంది. పైనున్న పెంటాప్రిజం దాన్ని తిన్నగా చేసి మన కంటికి అందిస్తుంది. పెద్ద అద్దం వెనకాల ఇంకో చిన్న అద్దం ఉండి, కొంత వెలుతురును కిందికి, ఫోకస్ చూసే సెన్సార్ మీదికి పంపిస్తుంది. అంటే అద్దం ఉన్నది మనం చూడటానికి, కెమెరా ఫోకస్ పట్టడానికి. బటన్ నొక్కగానే అది పైకి లేచి తప్పుకుంటుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుతురు తిన్నగా సెన్సార్ మీద పడుతుంది. ఫొటో తయారయ్యేది షట్టర్ తెరిచి ఉన్న ఆ క్షణంలోనే. ఆ కాసేపూ డీఎస్‌ఎల్‌ఆర్‌లో కూడా లెన్సుకూ సెన్సార్‌కూ మధ్య అద్దం లేదు. తీస్తున్నప్పుడు దారిలోనే లేని వస్తువు ఫొటోను ఎలా పాడు చేస్తుంది?

దీన్ని తేల్చడానికి ఊహలతో పని లేదు. కంపెనీలే మన కోసం పరీక్ష పెట్టి ఉంచాయి. నికాన్ 2018లో జెడ్6 అనే మిర్రర్‌లెస్ తెచ్చింది. ఫుల్‌ఫ్రేమ్, 24.5 మెగాపిక్సెళ్లు, ఎక్స్‌పీడ్ 6 ప్రాసెసర్. 2020 జనవరిలో అదే కంపెనీ డి780 అనే డీఎస్‌ఎల్‌ఆర్ ప్రకటించింది. ఇదీ ఫుల్‌ఫ్రేమే, 24.5 మెగాపిక్సెళ్లే, ప్రాసెసర్ కూడా ఎక్స్‌పీడ్ 6. సెన్సార్ జెడ్6 కుటుంబానిదే. ఒకదానిలో అద్దం ఉంది, రెండోదానిలో లేదు. జెడ్6కు అడాప్టర్ వేసి, రెండింటికీ ఒకే లెన్సు మార్చి మార్చి తగిలించి, ఒకే ట్రైపాడ్ మీద, ఒకే వెలుతురులో, ఒకే ఐఎస్‌ఓలో రా ఫైళ్లు తీయండి. ఫైల్ పేర్లు దాచేసి, కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి, డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటో ఏదో చెప్పమని ఎవరినైనా అడగండి. గుడ్డిగా ఊహించడం తప్ప వేరే దారి ఉండదు వాళ్లకి.

ఇదొక్క జంట సంగతే కూడా కాదు. 2017లో వచ్చిన డి850 డీఎస్‌ఎల్‌ఆర్‌కు 45.7 మెగాపిక్సెళ్లు, కనీస ఐఎస్‌ఓ 64. మరుసటి ఏడు వచ్చిన జెడ్7 మిర్రర్‌లెస్‌కూ అవే అంకెలు. సెన్సార్లను కొలిచి మార్కులు వేసే డీఎక్స్ఓమార్క్ సంస్థ డి850కి 100, జెడ్7కు 99 వేసింది. ఆ ఒక్క మార్కు తేడాను నేను లెక్కలోకి తీసుకోను. అద్దం పోయినందుకు పైకి ఎక్కాల్సిన మార్కు ఎక్కలేదన్నదే నాకు కావలసిన సంగతి. కానన్‌లోనూ అంతే. 2016 నాటి 5డి మార్క్ 4 సెన్సార్ 30.4 మెగాపిక్సెళ్లు, దాని ఆధారంగానే 2018లో ఈఓఎస్ ఆర్ మిర్రర్‌లెస్ 30.3తో వచ్చింది. 2017 నాటి 6డి మార్క్ 2లో ఉన్నలాంటి 26.2 మెగాపిక్సెళ్ల సెన్సార్‌తోనే 2019లో ఈఓఎస్ ఆర్‌పీ వచ్చింది. డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సార్లే మిర్రర్‌లెస్ బాడీల్లోకి మారాయి. అక్కడ ఉన్నప్పుడు పాతబడిన సెన్సార్ ఇక్కడికి రాగానే కొత్తదైపోయిందా?

అయితే జనానికి తేడా ఎందుకు కనిపిస్తోంది? కనిపిస్తున్న మాట నిజం. పోలికే తప్పు. చేతిలో ఉన్నది పదేళ్ల నాటి చిన్న సెన్సార్ డీఎస్‌ఎల్‌ఆర్, దానికి పెట్టెతో వచ్చిన 18-55 కిట్ లెన్సు. పక్కన పెట్టి చూస్తున్నది ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్, దానికి ఎఫ్/1.8 లెన్సు. రెండో ఫొటోలో వెనకభాగం మెత్తగా కరిగిపోతుంది, చీకట్లో రవ్వ (నాయిస్) తక్కువగా ఉంటుంది. ఆ అందమంతా సెన్సార్ వైశాల్యానిది, లెన్సుది. పేరు మాత్రం అద్దం లేకపోవడానికి వస్తోంది.

ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సార్ సుమారు 23.5×15.6, అంటే 367 దాకా. ఒకే ఎఫ్ నంబరు, ఒకే షట్టర్ వేగం పెట్టినప్పుడు పెద్ద సెన్సార్ మీద రెండింతలకు పైగా వెలుతురు పడుతుంది. చీకట్లో తీసిన ఫొటోలో కనిపించే రవ్వలో ఎక్కువ భాగం వెలుతురు చాలకపోవడం వల్ల వచ్చేదే. కాబట్టి హాలు లైట్లు తీసేసిన రిసెప్షన్‌లో 2014 నాటి నికాన్ డి750 లాంటి పాత ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ ముందు, నిన్నగాక మొన్న వచ్చిన ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ నిలబడటం కష్టం. కొత్త కెమెరా పెట్టె మీద ఈ సంగతి రాసి ఉండదు.

పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లన్నీ ఒకటేనని కూడా అనను. 5డి మార్క్ 3, మొదటి 6డి కాలం నాటి కానన్ సెన్సార్లలో ఐఎస్‌ఓ 100 దగ్గర తీసి, నీడల్ని ఎడిటింగ్‌లో బాగా పైకి లాగితే చారలు, మచ్చలు బయటపడేవి. అదే కాలపు నికాన్‌లలో ఆ బాధ చాలా తక్కువ. కానీ ఇది సెన్సార్‌కూ సెన్సార్‌కూ మధ్య తగవు. 5డి మార్క్ 4 వచ్చేసరికి కానన్ దాన్ని చాలావరకు సరిదిద్దుకుంది, అదీ అద్దం ఉన్న కెమెరాలోనే.

ఇక ఈ పిక్సెళ్లన్నీ చివరికి ఎక్కడికి వెళ్తాయో కూడా చూడాలి. మన పెళ్లిళ్లకు కరిజ్మా ఆల్బమ్ 12×36 అంగుళాల షీట్. అందులో ఒక పేజీ 12×18. అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400, అంటే 19.4 మెగాపిక్సెళ్లు. డి750 ఫైల్ 24 మెగాపిక్సెళ్లు. ఒక్క ఫొటోతో పేజీ మొత్తం నింపినా ఇంకా మిగులుతుంది. అసలు మన ఆల్బమ్‌లలో పేజీకి ఒక్క ఫొటో పెట్టేదెప్పుడు? నాలుగైదు ఉంటాయి. ఆల్బమ్ దాటితే ఫొటోలు వెళ్లేది ఫోన్లలోకి. ఇన్‌స్టాగ్రామ్‌లో 1080×1350కి కుదించి చూసే ఫొటోలో ఒకటిన్నర మెగాపిక్సెల్ కూడా ఉండదు.

ఫోకస్ దగ్గర మాత్రం అవతలి పక్షం చేతిలో గట్టి ఆయుధముంది, ఒప్పుకోవలసిందే. మిర్రర్‌లెస్ ఫోకస్‌ను సెన్సార్ మీదే చూస్తుంది. కాబట్టి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో కొన్ని లెన్సులతో వచ్చే ముందుకు జరిగిన ఫోకస్, వెనక్కి జరిగిన ఫోకస్ అనే తలనొప్పి దానికి లేదు. ఫోకస్ పాయింట్లు ఫ్రేమ్ అంచుల దాకా పరుచుకుని ఉంటాయి. డి750లో 51 పాయింట్లూ మధ్యలోనే గుమికూడి ఉంటాయి, మొదటి 6డిలో ఉన్నవే 11. అన్నిటికన్నా ముఖ్యం కన్ను గుర్తించడం. ఎఫ్/1.4లో పరిగెత్తే పసిపిల్ల కంటిని వదలకుండా పట్టుకోవాలన్నా, పులికాట్ మీద ఎగిరే రాజహంసను వెంటాడాలన్నా కొత్త మిర్రర్‌లెస్ ముందు పాత డీఎస్‌ఎల్‌ఆర్ తేలిపోతుంది. పక్షుల ఫొటోలు, ఆటల ఫొటోలు మీ పని అయితే ఈ వ్యాసం మీ కోసం కాదు, వెళ్లి మిర్రర్‌లెస్ కొనుక్కోండి. వీడియో మీ ప్రధాన సంపాదన అయినా అంతే. అద్దం పైకి లేపి ఉంచి, వ్యూఫైండర్ మూసుకుపోయి, ఫోకస్ వెతుక్కుంటూ వీడియో తీసే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ను నేను సమర్థించను.

మరి పెళ్లి మండపంలో ఏం జరుగుతుంది? జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరులు ఒకరి తల మీద ఒకరు చేయి పెట్టి కూర్చునే ఉంటారు. పంతులుగారు, ఇద్దరు తల్లులు, వెనక బంధువులు, అందరూ ఫోకస్‌లో ఉండాలి కాబట్టి ఎఫ్/4, ఎఫ్/5.6 పెడతాం, ఫ్లాష్ పైకి తిప్పి కొడతాం. అంత లోతు ఉన్నప్పుడు కనురెప్పకూ ముక్కుకూ తేడా పట్టే ఫోకస్‌తో పనేముంది? మధ్య పాయింట్‌తో ముఖం మీద పట్టి, ఫ్రేమ్ సర్దుకుని నొక్కితే సరిపోతుంది. తలంబ్రాల దగ్గర కావలసింది అంతకన్నా వేరే. పెళ్లికూతురు దోసిలి ఎప్పుడు ఎత్తబోతోందో, అవతల పెళ్లికొడుకు ఎప్పుడు తప్పించుకోబోతున్నాడో ముందే కనిపెట్టే చూపు. చాలా పెళ్లిళ్లు చూసిన కళ్లకే అది ఉంటుంది. మంగళసూత్రం మూడో ముడి పడేటప్పుడు ఎటువైపు నిలబడాలో తెలియని మనిషికి కన్ను గుర్తించే కెమెరా ఇస్తే, అడ్డొచ్చిన మేనమామ కన్నును చక్కగా గుర్తిస్తుంది.

చీకటి హాళ్ల సంగతీ చెప్పాలి. సంగీత్‌లో లైట్లు ఆర్పేసినప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ మీది ఫ్లాష్ ఎర్రటి గీతలు వేసి ఫోకస్‌కు సాయం చేస్తుంది. అదే ఫ్లాష్‌ను నికాన్ జెడ్ బాడీ మీద పెడితే ఆ ఎర్ర గీతలను కెమెరా వాడుకోదు. 2014లో డి750 ఫోకస్ పట్టగలిగే కనీస వెలుతురు మైనస్ 3 ఈవీ అని కంపెనీ ప్రకటించింది. 2018లో వచ్చిన జెడ్6కు మామూలు పద్ధతిలో అది మైనస్ 2 మాత్రమే (ఈ అంకె ఎంత కిందికి వెళ్తే అంత చీకట్లో ఫోకస్ పడుతుంది). తర్వాత ఫర్మ్‌వేర్ మార్చి మెరుగుపరిచారు, ఇప్పటి బాడీలు ఇంకా ముందుకెళ్లాయి. కానీ కొత్తది కొనేంత డబ్బు లేక మన కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నది ఆ మొదటి తరం మిర్రర్‌లెస్‌లనే. మిర్రర్‌లెస్ అన్న పేరు ఉంటే చాలు, అన్నిట్లో పైచేయి అనుకుని కొంటున్నారు.

ఆ మొదటి తరంలో ఇంకో లోపం ఉంది. పెళ్లి తీసేవాడికి ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. జెడ్6లో మెమరీ కార్డు పెట్టే చోటు ఒక్కటే. ఈఓఎస్ ఆర్‌లోనూ ఒక్కటే. డి750లో రెండు, డి780లో రెండు, 5డి మార్క్ 4లో రెండు. ప్రతి ఫొటో రెండు కార్డుల మీదా పడుతుంటే, ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. పెళ్లి మళ్లీ తీయడానికి వీల్లేని తంతు. అలాంటి చోటికి రెండు కార్డుల కెమెరా అమ్మేసి, ఒక్క కార్డు కెమెరా పట్టుకెళ్లడాన్ని ఎదుగుదల అని ఎలా అనగలం?

బరువు తక్కువన్న మాట కూడా కాటా మీద పెట్టి చూడాల్సిందే. బ్యాటరీ, కార్డుతో కలిపి డి780 బాడీ 840 గ్రాములు, జెడ్6 బాడీ 675. ఇక్కడిదాకే చెప్పి ఆపేస్తారు. డి780కి 50 మి.మీ ఎఫ్/1.8జి లెన్సు తగిలిస్తే దాని బరువు 185 గ్రాములు, మొత్తం 1025. జెడ్6కు దాని సొంత 50 మి.మీ ఎఫ్/1.8 ఎస్ తగిలిస్తే లెన్సే 415 గ్రాములు, మొత్తం 1090. కొత్త లెన్సు పదునులో పాతదాన్ని మించుతుంది, ఆ మాట దాచను. కానీ తేలిక అని కొన్నది చేతిలో బరువే అయింది. కానన్ 50 మి.మీ ఎఫ్/1.2 పాత మౌంట్‌లో 600 గ్రాముల లోపు ఉండేది, కొత్త మౌంట్‌లో 950. అన్ని లెన్సులూ ఇలా లేవు. కానన్ కొత్త 70-200 ఎఫ్/2.8 పాతదానికన్నా బాగా తేలిక. చెప్పదలచుకున్నదల్లా, బాడీని ఒక్కదాన్నే తూచి తీర్పు చెప్పొద్దని.

బ్యాటరీ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. ఒకే ప్రమాణం ప్రకారం కంపెనీలు ప్రకటించిన అంకెల్లో డి780కి ఒక ఛార్జింగ్‌తో 2260 ఫొటోలు, జెడ్6కు 310. వాడకంలో జెడ్6 ఇంతకన్నా చాలా ఎక్కువే ఇస్తుంది, డి780 కూడా ఇస్తుంది. కారణం తేలికే. అద్దంలో చూడటానికి కరెంటు అక్కర్లేదు, తెరలో చూడాలంటే సెన్సార్, తెర రెండూ ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలి. రాత్రి రిసెప్షన్‌తో మొదలై తెల్లవారుజాము ముహూర్తం దాకా సాగే పెళ్లిలో జేబు నిండా బ్యాటరీలు పెట్టుకు తిరగడం ఏమిటో, ఆ పని చేసేవాళ్లకు తెలుసు.

ఎక్స్‌పోజర్ ముందే తెరలో కనబడుతుంది కదా అంటారు. నేర్చుకునేవాళ్లకు అది నిజంగా మంచి సాయం. కానీ ఫ్లాష్ వేసి తీసేటప్పుడు, ఫ్లాష్ వెలుతురు పడకముందే తెర దాన్ని చూపించలేదు. మండపంలో ఆ సదుపాయాన్ని ఆపేసి వాడుకోవాల్సిందే. చప్పుడు లేని షట్టర్ మరో గొప్ప. మంత్రాల మధ్య టకటక వినబడకపోవడం మర్యాదే, కాదనను. అయితే మామూలు ధరల మిర్రర్‌లెస్‌లలో ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సార్‌ను వరస వెంట వరసగా చదువుతుంది. ఇప్పటి ఫంక్షన్ హాళ్లలో వేదిక వెనక ఎల్‌ఈడీ గోడ, పైన ఎల్‌ఈడీ లైట్లు. అవి కంటికి కనబడనంత వేగంగా మినుకుతుంటాయి. ఆ షట్టర్‌తో తీస్తే పెళ్లికూతురి మొహం మీద అడ్డంగా చీకటి చారలు పడే ప్రమాదముంది. ఆ షట్టర్‌తో చాలా బాడీల్లో ఫ్లాష్ కూడా వెలగదు. 2021 నాటి నికాన్ జెడ్9 లాంటి ఖరీదైన కెమెరాలు ఈ చిక్కును చాలావరకు దాటాయి. వాటి ధర మనం మాట్లాడుకుంటున్న మనిషికి అందేది కాదు.

కంపెనీలే డీఎస్‌ఎల్‌ఆర్‌ను వదిలేశాయి కదా, అది చాలదా రుజువుగా? ఈ ప్రశ్నే అందరి నోరూ మూయిస్తుంది. 2020లో డీఎస్‌ఎల్‌ఆర్‌ల కన్నా మిర్రర్‌లెస్‌లు ఎక్కువ మార్కెట్లోకి వచ్చాయి. 1డి ఎక్స్ మార్క్ 3 తర్వాత ఆ వరసలో ఇంకో పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ రాదని కానన్ అధిపతి మితారై 2021 చివర్లో చెప్పారు. సోనీ తన ఏ-మౌంట్ కెమెరాలను 2021లో ఆపేసింది. పెంటాక్స్ మాత్రం పట్టుబట్టి డీఎస్‌ఎల్‌ఆర్‌ల పక్షానే నిలిచింది. ఇవన్నీ నిజాలే. వీటిలో ఏ ఒక్కటీ ఫొటో గురించిన తీర్పు మాత్రం కాదు. అద్దాన్ని, దాన్ని లేపే యంత్రాన్ని, పెంటాప్రిజాన్ని, విడి ఫోకస్ సెన్సార్‌ను వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చడం ఖరీదైన పని. అవి తీసేస్తే తయారీ సులువవుతుంది. మౌంట్ మారిస్తే పాత లెన్సులున్న ప్రతివాడికీ మళ్లీ లెన్సులు అమ్మవచ్చు. కంపెనీ దృష్టిలో ఇది తెలివైన వ్యాపారం, దాన్ని నేను తప్పుపట్టను. వాళ్ల లెక్క వాళ్లు వేసుకున్నారు, మన లెక్క మనం వేసుకోవాలి.

ఆ లెక్క ఇది. సోనీ ఏ7-4 మన దేశంలోకి వచ్చినప్పుడు ఒట్టి బాడీయే 2 లక్షల 40 వేలకు పైన. దానికి సరిపడే లెన్సులు రెండు కొంటే బాడీ ధర మళ్లీ ఒకసారి పెట్టినట్టే. ఆ డబ్బు ఈఎంఐలో తెస్తారు. మూఢం వస్తుంది, ఆషాఢం వస్తుంది, నెలల తరబడి ముహూర్తాలు ఉండవు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖుకు వచ్చి నిలబడుతుంది. కట్టలేక అదే కెమెరాను సగం ధరకు అమ్ముకున్న కుర్రాళ్లను నేనెరుగుదును. వాళ్ల పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటోలకూ కొత్త కెమెరా ఫొటోలకూ ఆల్బమ్‌లో తేడా చూపించమంటే వాళ్లే చూపించలేకపోయారు. ఆ డబ్బులో మూడో వంతు పెట్టి ఒక మంచి 85 మి.మీ లెన్సు, రెండు ఫ్లాష్‌లు, వాటికి ట్రిగ్గర్, ఫొటోలు దాచుకునే హార్డ్ డిస్కులు రెండు కొనుక్కుని ఉంటే, ఎవరూ అడగకుండానే తేడా కనిపించేది. వెలుతురును మార్చకుండా బాడీని మార్చినవాడికి పాత ఫొటోలే మళ్లీ వస్తాయి.

పాతవి కొంటే లెన్సులు దొరకవన్న భయానికీ ఆధారం లేదు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి. దశాబ్దాలుగా తయారైన లెన్సులు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వరద కట్టాయి. అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు కాబట్టే ఒకప్పుడు మనం షాపు అద్దాల బయట నిలబడి చూసిన లెన్సులు ఇప్పుడు అందుబాటు ధరకు వస్తున్నాయి. కొత్త లెన్సులు ఇక రావు, నిజమే. ఉన్న 24-70, 70-200, 85లతో తీయలేని తెలుగు పెళ్లి ఏమిటో నాకు తెలియదు. రేపు మిర్రర్‌లెస్ కొనాల్సి వచ్చినా వీటిని అడాప్టర్‌తో వాడుకోవచ్చు. కాకపోతే బాడీలోని మోటారు మీద ఆధారపడే నికాన్ పాత ఏఎఫ్-డి లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద వాటంతట అవి ఫోకస్ పట్టవు. కొనే ముందు అది చూసుకోవాలి.

చివరగా, రేపు అమ్మితే రూపాయి రాదన్న మాట. కొత్త మిర్రర్‌లెస్ ధర షాపు గడప దాటగానే పడిపోతుంది, దాని తర్వాతి మోడల్ వచ్చిన రోజు మళ్లీ పడుతుంది. 2014 నాటి డి750 పడాల్సినంత ఎప్పుడో పడింది. షట్టర్ కౌంట్ చూసి, లెన్సు మౌంట్ దగ్గర అరుగుదల చూసి, సెన్సార్ మీద గీతల్లేవని ఆకాశం వైపు తిప్పి ఒక ఫొటో తీసి చూసుకుని ఇవాళ కొన్నవాడు, రెండేళ్లు పెళ్లిళ్లు తీశాక అమ్మినా పోగొట్టుకునేది కొన్ని వేలే. షట్టర్ అరిగిపోతే మార్పించుకోవచ్చు, ఆ ఖర్చు కొత్త బాడీ మీద కట్టే రెండు మూడు ఈఎంఐలను మించదు.